పులిసిన అన్నం, ఆరిన పొయ్యి

తుంగభద్ర ఎడమ కాలువ కింద, రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో కోస్తా నుంచి వలస వచ్చిన తెలుగు రైతుల ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. వరి ఉన్నచోట గడ్డి, గడ్డి ఉన్నచోట గొడ్డు, గొడ్డు ఉన్నచోట పేడ. అలాంటి ఒక పెరట్లో గోబర్ గ్యాస్ ప్లాంటు ఉందనుకుందాం. ఇంట్లో పెళ్ళయింది. మిగిలిన అన్నం పారేయలేక రెండు గంపలు తొట్టిలో పోశారు. మర్నాడు గ్యాస్ దండిగా వచ్చింది. నాలుగో రోజుకి బర్నర్ మీద మంట ఎగిరెగిరి ఆరిపోతోంది. గ్యాస్ లేక కాదు. వచ్చేదాంట్లో మీథేన్ తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరిగింది. పులుపు ఆ పేరులోనే ఉంది.

ఈ యంత్రానికి వయసు తక్కువేమీ కాదు. 1776లో ఇటలీలో వోల్టా అనే శాస్త్రవేత్త ఒక సరస్సు అడుగు బురదను కెలికి, పైకొచ్చిన బుడగలను పట్టి మండించి చూశాడు. బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో 1897లోనే మురుగు నుంచి తీసిన గ్యాస్‌తో దీపాలు వెలిగాయి. 1950ల్లో జశ్‌భాయ్ పటేల్ రూపొందించిన తేలే డ్రమ్ము నమూనాను ఆ తర్వాతి దశాబ్దంలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఊళ్ళకు చేర్చింది. గ్యాస్ చేరితే ఇనుప డ్రమ్ము లేస్తుంది, వాడితే దిగుతుంది. వేరే మీటరు అక్కర్లేదు. పొద్దున్నే ఆవుకి గడ్డి వేయడానికి వెళ్ళినవాళ్ళు ఓ చూపు చూస్తే చాలు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలిసిపోయేది.

ఆ ఇనుము తుప్పు పట్టేది, ఖర్చూ ఎక్కువే. 1984లో అఫ్‌ప్రో సంస్థ తెచ్చిన దీనబంధు నమూనాలో డ్రమ్ము పోయి, నేలలో ఇటుక గుమ్మటం వచ్చింది. చవకైంది, మన్నికైంది. కానీ కళ్ళెదుట లేచి దిగే కొలమానం మాయమైంది. చవకదనానికి ఇది కాస్త ఎక్కువ వెలేనని నాకనిపిస్తుంది. పైపుకి ఒక యు ఆకారపు ప్లాస్టిక్ గొట్టం తగిలించి నీళ్ళు పోస్తే ఒత్తిడి తెలుస్తుంది. ఒత్తిడి తెలుస్తుంది గానీ, లోపలి జీర్ణం ఎలా ఉందో తెలియదు.

లోపల పనివాళ్ళు రెండు జట్లు. మొదటి జట్టు సూక్ష్మజీవులు పిండినీ పీచునీ విరగ్గొట్టి ఆమ్లాలు చేస్తాయి. గంటల్లో రెట్టింపవుతాయి. రెండో జట్టు ఆ ఆమ్లాలను, వాటితోపాటు పుట్టే హైడ్రోజన్‌ను మీథేన్‌గా మారుస్తుంది. ఇది నిదానస్తురాలు, రెట్టింపవడానికి రోజులు పడుతుంది. పైగా సుకుమారం. ఉష్ణోగ్రత ఉన్నట్టుండి మారకూడదు, పీహెచ్ ఏడు దగ్గరే ఉండాలి. గొడ్డుకి వేసిన యాంటీబయాటిక్ పేడలో వచ్చినా, సబ్బు నీళ్ళు కలిసినా మందగిస్తుంది. అన్నం పడగానే మొదటి జట్టు విజృంభించింది, రెండోది అందుకోలేకపోయింది. ఆమ్లం పేరుకుంది. అన్నానిదే తప్పనుకోవద్దు. పూణేలో ఆనంద్ కర్వే బృందం పిండిపదార్థాలతోనే నడిచే చిన్న ప్లాంటు చేసింది. కొసరి కొసరి పెట్టాలి, అంతే.

పీహెచ్ కాగితం ముంచితే తెలియదా? తెలుస్తుంది, ఆలస్యంగా. పేడ ద్రవంలో బైకార్బొనేట్ నిల్వ ఉంటుంది. అది ఉన్నన్నాళ్ళూ ఆమ్లం పెరుగుతున్నా పీహెచ్ కదలదు. ఇల్లంతా అప్పుల్లో ఉన్నా వీధిలో ఇస్త్రీ చొక్కాతో తిరిగే పెద్దమనిషిలాంటిది. నిల్వ అయిపోయిన రోజు ఒక్కసారిగా కూలుతుంది.

అందుకే పెద్ద ప్లాంట్లలో ఆమ్లాన్నీ ఆ నిల్వనీ కలిపి కొలుస్తారు. వడగట్టిన ద్రవం 20 మిల్లీలీటర్లు తీసుకుని, పలచని గంధకామ్లం చుక్కచుక్కగా కలుపుతూ పీహెచ్ 5కి దించుతారు. దానికి పట్టిన ఆమ్లం నిల్వ ఎంతుందో చెబుతుంది. అక్కణ్ణుంచి 4.4కి దించడానికి పట్టింది పేరుకున్న ఆమ్లాల లెక్క. రెండోదానికీ మొదటిదానికీ నిష్పత్తి 0.3, 0.4 దగ్గర ఉంటే సాధారణంగా భయం లేదు. అంకె కన్నా అది ఎటు కదులుతోందన్నదే ముఖ్యం.

రోజుకి సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలు తినే హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్ ప్లాంటుకి ఇలాంటి జాగ్రత్త తప్పదు. ఐఐసీటీ పరిశోధన సంస్థ పరిజ్ఞానంతో కట్టిన ఈ ప్లాంటు రోజుకి 500 యూనిట్ల కరెంటు ఇస్తుందని 2021 జనవరిలో వార్తలకెక్కింది. టమాటాలు ఎక్కువ వచ్చిన రోజూ ఆకుకూరలు ఎక్కువ వచ్చిన రోజూ ఒకటి కావు. పేడకున్న నిలకడ కూరగాయలకు లేదు.

క్యాంపు పెరట్లో గంధకామ్లం ఎవరు పట్టుకొస్తారు? అక్కడ ముక్కే సాధనం. బయటికొచ్చే స్లర్రీ పుల్లటి వాసన కొడితే ప్లాంటుకి మేత ఆపాలి. కొందరు సున్నపు నీళ్ళు గుమ్మరిస్తారు. మోతాదు తెలియకపోతే అదో కొత్త తంటా. మేత ఆపి కొన్నాళ్ళు ఓపిక పట్టి, పక్క ఇంటి మంచి ప్లాంటు నుంచి నాలుగు బకెట్ల స్లర్రీ తెచ్చి పోయడం మేలు. పెరుగుకి తోడు అడిగినట్టే. తేడా ఒక్కటే, ఈ తోడు పులవడానికి కాదు, పులుపు విరగడానికి. మంట మళ్ళీ నీలంగా నిలబడ్డాక కూడా మొదటి రోజు వేయాల్సింది సగం బకెట్ పేడే.