పాత కారు – ఫిట్‌నెస్ పరీక్ష: విశ్వసనీయత, పరిమితులు

హనుమకొండ వీధులలో ‘ఏపీ 36’ సంఖ్య గల కార్లు నేటికీ తిరుగుతున్నాయి. అది ఉమ్మడి వరంగల్ జిల్లా సంఖ్య. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన తరువాత ‘టీఎస్ 03’, 2024 మార్చి నుండి ‘టీజీ 03’ వచ్చాయి. అనగా, ఆ కార్ల వయస్సు పదేళ్లు దాటినట్లే. వాటిని కొనేవారు ఆర్.సి. చెల్లుబాటును భద్రతకు హామీగా భావించడం సరికాదు.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. టాక్సీకి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, అటుపై ఏటా ఫిట్‌నెస్ ధ్రువీకరణ తప్పనిసరి. సొంత కారుకు ఆ 15 ఏళ్లలో అటువంటి నియమం లేదు. గడువు ముగిశాక తనిఖీ చేసి ఐదేళ్లకు పునరుద్ధరిస్తారు. కాలుష్య పరీక్ష పొగకే పరిమితం; బ్రేకులను చూడదు.

తనిఖీలో నెగ్గినా అది ఆ రోజు స్థితికే సాక్ష్యం. బ్రేక్ ఆయిల్ కాలక్రమంలో గాలిలోని తేమను పీల్చుకొని, తక్కువ వేడికే మరుగుతుంది. అప్పుడు బ్రేకు పట్టు తగ్గుతుంది. రబ్బరు బుష్‌లు, గొట్టాలు కారు తిరగకున్నా పగులుతాయి. అడుగుభాగపు తుప్పు కొత్త రంగు కింద దాగుతుంది. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలి. గాడి మిగిలినా వయస్సు చూడాలి. టైరు తయారీ గుర్తులో చివరి అంకెలు ‘2318’ అయితే, అది 2018లో 23వ వారంలో తయారైనది.

కావున కొనుగోలుకు ముందు పత్రాల పరిశీలనతో ఆగక, కారును లిఫ్టుపై ఎత్తించి మెకానిక్‌తో పరీక్షింపజేయడం, ఆపై ఏటా ఆ పరీక్షను కొనసాగించడం యజమాని బాధ్యత.