తిప్పితే సౌండు... విసిరితే ఛానలు!

టీవీ సౌండు పెంచాలంటే ఏం చేస్తాం? సోఫా దిండ్ల కింద రిమోట్ కోసం వెతుకుతాం. ‘డాక్టర్ హూ’ వీరాభిమానులు కొందరు మాత్రం రాగిరంగు గొట్టం ఒకటి తీసి టీవీకి గురిపెడతారు. తాళంచెవి తిప్పినట్టు మణికట్టును అలా తిప్పుతారు. కొనన ఆకుపచ్చ వెలుగు, ‘జుయ్’మని చప్పుడు... సౌండు పెరుగుతుంది. పక్కకు విసిరితే ఛానలు మారిపోతుంది. మంత్రమూ లేదు, మాయా లేదు. సీరియల్లో హీరో చేతిలో కనిపించే వస్తువుకు నకలు అది. కాకపోతే, నిజంగా పనిచేసే నకలు!

‘డాక్టర్ హూ’ 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్. కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగే ఆ డాక్టర్‌కు తుపాకులంటే పడదు. ఆయన జేబులో ఉండేది ఒక స్క్రూడ్రైవర్. పేరు ‘సోనిక్ స్క్రూడ్రైవర్’, అంటే ధ్వనితో పనిచేసేదన్నమాట. 1968లో మొదటిసారి తెరమీద కనిపించినప్పుడు పేరుకు తగ్గట్టు మరలు విప్పిందంతే. పోనుపోను తాళాలు తీసింది, యంత్రాలను లొంగదీసింది. శత్రువు తలుపు మూయగానే హీరో జేబులో చెయ్యి పెడితే ఇక కథలో పస ఏముంటుంది? అందుకే 1982లో ఒక కథలో దాన్ని ధ్వంసం చేయించేశారు. 1996లో వచ్చిన టీవీ సినిమాలో అది మళ్లీ ప్రత్యక్షమైంది. 2005లో సీరియల్ కొత్తగా మొదలయ్యాక డాక్టర్ చెయ్యి వదల్లేదు.

పిల్లల కోసం వెలుగులూ చప్పుళ్లతో ప్లాస్టిక్ బొమ్మలు ఎన్నో వచ్చాయి. కానీ దాంతో ఇంట్లో ఒక్క పనైనా చేయించాలన్న ఆలోచన బ్రిటన్‌కు చెందిన ‘ద వాండ్ కంపెనీ’ది. క్రిస్ బార్నార్డో, రిచర్డ్ బ్లేక్స్‌లీ అనే ఇద్దరు పెట్టిన సంస్థ ఇది. మొదట మంత్రదండం ఆకారంలో ఒక రిమోట్ చేశారు. 2010లో దాన్ని పట్టుకుని ‘డ్రాగన్స్ డెన్’ అనే టీవీ కార్యక్రమానికి వెళ్లారు. కొత్త వ్యాపారాలకు డబ్బు పెట్టే పెద్దలు కూర్చునే వేదిక అది. అక్కడ 2 లక్షల పౌండ్ల పెట్టుబడికి మాట తీసుకున్నారు. ఆ దండంలోని విద్యనే 2012లో సోనిక్ స్క్రూడ్రైవర్‌లోకి దించారు. తర్వాత వంతు ‘స్టార్ ట్రెక్’ ఫేజర్ తుపాకీది. 1960ల నాటి షూటింగులో వాడిన అసలు వస్తువును స్కాన్ చేసి మరీ దాని నకలు తయారుచేశారు.

లోపలి సంగతి చూస్తే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. సెల్‌ఫోన్ అడ్డం తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది కదా, అందుకు కారణమైన యాక్సెలరోమీటరే ఇక్కడా చెయ్యి ఎటు కదిలిందో కనిపెడుతుంది. తిప్పడం, పైకెత్తడం, విసరడం, వేలితో తట్టడం... ఇలా 13 కదలికలను స్క్రూడ్రైవర్ గుర్తుపడుతుంది. ఒక్కో కదలికకూ ఒక్కో ఆజ్ఞ. మూడు అరలుగా మొత్తం 39 ఆజ్ఞలు దాచుకుంటుంది. ఆ ఆజ్ఞలు మనమే నేర్పాలి. పాత రిమోట్‌నూ దీన్నీ ఎదురెదురుగా పెట్టి, కావలసిన బటన్ నొక్కితే ఆ రిమోట్ పంపే పరారుణ కిరణాల వరసను ఇది బట్టీపడుతుంది. ఆ తర్వాత మనం చెయ్యి తిప్పినప్పుడల్లా అప్పజెబుతుంది. అందుకే టీవీ ఏ కంపెనీదన్న పేచీ లేదు.

పేరులో ధ్వని, పనిలో కాంతి... ఇదో తమాషా. అసలు తమాషా ఇంకోటి ఉంది. ధ్వనితో పనిచేసే రిమోట్ నిజంగానే ఒకప్పుడు ఇళ్లలో ఉండేది! 1956లో అమెరికాలోని జెనిత్ కంపెనీ కోసం రాబర్ట్ ఆడ్లర్ రూపొందించిన రిమోట్‌లో బ్యాటరీయే లేదు. బటన్ నొక్కితే చిన్న సుత్తి ఒకటి అల్యూమినియం కడ్డీని కొట్టేది. మనుషుల చెవికి అందని ఆ శబ్దం విని టీవీ ఛానలు మార్చుకునేది. అంతకుముందు ఏడాదే అదే కంపెనీలో యూజీన్ పోలీ చేసిన వైర్లెస్ రిమోట్‌ది మరీ చిత్రమైన ఆకారం. అచ్చం సైన్స్ ఫిక్షన్ కథల్లోని కిరణాల తుపాకీ! దాని వెలుగును టీవీ నాలుగు మూలల్లో ఒకదానికి గురిపెట్టాలి. ఎండ పడితే మాత్రం టీవీ తనంతట తానే ఛానళ్లు మార్చేసేది. అంటే రిమోట్ తొలినాళ్లలోనే తుపాకీ వేషం కట్టింది. ఫేజర్ రిమోట్‌తో మళ్లీ పుట్టింటికి వచ్చినట్టే.

ఇంత ముచ్చటగా ఉన్నా, రోజూ వాడుకోవడానికి ఇది మామూలు రిమోట్‌కు సాటిరాదనే చెప్పాలి. బటన్ మీద రాసుంటుంది, చేతి కదలిక మీద రాసుండదు కదా! ఏ విసురుకు ఏమవుతుందో నేర్పినవాళ్లకే తెలుసు. మనవడు బడికి వెళ్తే తాతయ్యకు వార్తలు పెట్టుకునే దారి లేదు. చేతిలో పట్టుకుని ఆవేశంగా మాట్లాడితే టీవీ మూగబోయినా పోవచ్చు. ఇవి ఇంట్లో అందరి రిమోట్లు కావు, ఒక్కరి సరదా.

ఆ సరదాకూ ఇప్పుడు చిక్కొచ్చింది. నేటి స్ట్రీమింగ్ పరికరాల్లో చాలావాటి రిమోట్లు బ్లూటూత్‌తో మాట్లాడుకుంటాయి. పరారుణ కిరణాలు తప్ప మరో భాష రాని స్క్రూడ్రైవర్ వాటి ముందు ఎంత తిరిగినా ప్రయోజనం ఉండదు. మరో అడ్డంకీ ఉంది. పరికరాన్ని చెక్క బీరువాలో పెట్టి తలుపు మూస్తే ఆ కిరణాలు లోపలికి వెళ్లవు. సీరియల్లోనూ డాక్టర్ స్క్రూడ్రైవర్‌కు చెక్క కొరుకుడుపడదు!

మన ఇళ్లలో పరారుణ రిమోట్లకు ఇంకా కొదవ లేదు. ఏసీలున్నాయి, కొత్తరకం సీలింగ్ ఫ్యాన్లు కూడా. ఫ్యాన్‌కు ఒక విసురు చాలు. ఏసీ దగ్గర మాత్రం కాస్త తెలివి చూపాలి. దాని రిమోట్ సాధారణంగా ‘ఒక డిగ్రీ పెంచు’ అని చెప్పదు. ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం, మోడ్ అన్నీ కలిపి ప్రతిసారీ ఒకే మూటగా పంపుతుంది. కాబట్టి నేర్చుకునే రిమోట్ ఏదైనా సరే, 24 డిగ్రీలకు ఒక కదలిక, ఆపేయడానికి ఇంకొకటి నేర్పి ఊరుకోవాల్సిందే.