చర్చి గడప దాటాక ఏముంటుంది? సీఎస్ఐ సంఘంలో కొత్తగా చేరేవారు తెలుసుకోవాల్సినవి

ఎర్రుపాలెం స్టేషన్లో కాజీపేట వైపు రైలెక్కితే మధిర, ఖమ్మం దాటాక దోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం గనుల వైపు, భద్రాచలం రోడ్డు వైపు లైను చీలేది అక్కడే. ఆ చిన్న ఊరు నూరేళ్లకు పైగా ఒక బిషప్ ఉండే కేంద్రం. ఖమ్మం ప్రాంతంలోని సీఎస్ఐ సంఘాలు ఆ దోర్నకల్ అధ్యక్ష మండలం కిందికే వస్తాయి.

మాలపల్లెల్లో, మాదిగవాడల్లో ఈ చర్చికి కొత్తగా వెళ్లాలనుకునేవాళ్ల మనసులో రెండు ప్రశ్నలుంటాయి. లోపల ఏం జరుగుతుంది? చేరితే నా పిల్లల కుల సర్టిఫికెట్ ఏమవుతుంది? మొదటిదానికి చర్చిలో ఎవరినడిగినా చెబుతారు. రెండోదానికి చాలాసార్లు జవాబు దొరకదు. ఈ రెండూ కలిపి తెలుసుకుంటేనే చేరాలా వద్దా అన్నది మన నిర్ణయం అవుతుంది.

ఇది ఏ చర్చి?

బిషప్ పర్యవేక్షణలో నడిచే చర్చిని ఎపిస్కోపల్ చర్చి అంటారు. అమెరికాలో ఆ పేరుతోనే ఒక చర్చి ఉంది. మన దగ్గర ఆ కోవకు చెందినది చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సీఎస్ఐ. ఆంగ్లికన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఇది ఏర్పడింది.

దోర్నకల్ చరిత్ర అంతకన్నా పాతది. తిరునెల్వేలి ప్రాంతంలో నాడార్ కుటుంబంలో పుట్టిన వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఆయన కాలంలో వేలాది మాల, మాదిగ కుటుంబాలు ఈ చర్చిలోకి వచ్చాయి. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి.

మొదటి ఆదివారం

ఆరాధనకు ఎవరైనా వెళ్లవచ్చు. సభ్యత్వం అక్కర్లేదు, బాప్తిస్మం అక్కర్లేదు. పల్లె చర్చిల్లో చాలాచోట్ల చెప్పులు బయట విడుస్తారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటారు. ఆడవాళ్లు తలమీద కొంగు వేసుకోవడం ఆనవాయితీ.

ఆరాధన ఒక క్రమం ప్రకారం సాగుతుంది. పాపపు ఒప్పుకోలు, బైబిలు పాఠాలు, ప్రసంగం, విశ్వాస ప్రమాణం, ప్రార్థనలు వరుసగా వస్తాయి. పాటలు ఎక్కువగా 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలోవి. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో తెలియకపోతే పక్కవాళ్లను చూస్తే చాలు. కానుక సంచి వచ్చినప్పుడు ఏమీ వేయకపోయినా తప్పు లేదు. పాస్టరును 'అయ్యగారు' అంటారు. ఆయన కింద ఒకటి కాదు, పలు ఊళ్ల సంఘాలుంటాయి. అందుకే కొన్ని ఆదివారాలు మీ ఊళ్లో ఉపదేశే ఆరాధన నడిపిస్తాడు.

అయ్యగారు వచ్చిన ఆదివారం సంస్కారం, అంటే ప్రభువు బల్ల ఉంటుంది. దానికి ముందు 'సమాధానం' చెప్పుకుంటారు. 1950లో సీఎస్ఐ తయారుచేసిన సంస్కార క్రమం ఈ సమాధానాన్ని చేతి నుంచి చేతికి అందించే పద్ధతిని తిరిగి తెచ్చింది. తరవాత ఒకే రొట్టె, చాలాచోట్ల ఒకే గిన్నె. హోటల్లో వేరే గ్లాసు, బావి దగ్గర వేరే వరుస చూసిన మనుషులకు ఆ ఒకే గిన్నె ఏం చెప్పిందో వేరే వివరించనక్కర్లేదు. బాప్తిస్మం తీసుకోనివారు అప్పుడు కూర్చునే ఉండవచ్చు. అది అవమానం కాదు, ఆ చర్చి నియమం.

చేరడం అంటే

చేరాలనుకుంటే ముందు అయ్యగారితో మాట్లాడాలి. కొంతకాలం బోధ ఉంటుంది. తరవాత బాప్తిస్మం. తల మీద నీళ్లు పోసి ఇవ్వవచ్చు, నీళ్లలో ముంచీ ఇవ్వవచ్చు. చంటిపిల్లలకు తల్లిదండ్రుల విశ్వాసం మీద ఇస్తారు. వాళ్లు ఎదిగాక కన్ఫర్మేషన్ ఉంటుంది. బిషప్ వచ్చి తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. వేరే చర్చిలో బాప్తిస్మం పొంది వచ్చినవారు ఆ పాత చర్చి నుంచి ఉత్తరం తెచ్చుకోవడం మంచిది.

సంస్కారంలో పాలుపొందుతూ చందా కట్టే సభ్యులకు సంఘం ఎన్నికల్లో పాత్ర ఉంటుంది. పాస్టరేట్ కమిటీని ఎన్నుకునేది సభ్యులే. ఆడవాళ్లకు కూడా అన్ని స్థాయిల్లో దారి ఉంది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయ్యారు. సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ ఆవిడే.

రిజిస్టరులో పేరు, చేతిలో సర్టిఫికెట్

బాప్తిస్మం ఇచ్చిన రోజు చర్చి రిజిస్టరులో తేదీ, పేరు, తల్లిదండ్రుల పేర్లు రాస్తారు. ఆ పుట రేపు కోర్టులో సాక్ష్యం కావచ్చు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో క్రైస్తవులుగా మారిన ఎస్సీలు, వారి సంతానం బీసీ-సీ కిందికి వస్తారు. ఆ కోటా 1 శాతం. ఎస్సీ రిజర్వుడు స్థానంలో పోటీ చేసే హక్కు ఉండదు. అట్రాసిటీ చట్టం కింద రక్షణ కూడా ప్రశ్నార్థకం అవుతుంది. పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి ఆ చట్టం కింద పెట్టిన కేసును 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది.

2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో తీర్పు చెప్పింది. ఆమెకు నెలల పసికందుగా ఉన్నప్పుడు బాప్తిస్మం ఇచ్చారు. పెద్దయ్యాక ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే ఆ బాప్తిస్మాన్నీ, క్రమంగా చర్చికి వెళ్లడాన్నీ కోర్టు లెక్కలోకి తీసుకుంది. సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదంది. ఒక ఆదివారం వెళ్లి కూర్చున్నంత మాత్రాన మతం మారినట్టు కాదు. కానీ పిల్లలకు బాప్తిస్మం ఇప్పించే తల్లిదండ్రులు ఈ తీర్పు సంగతి తెలుసుకునే ఇప్పించాలి.

అడవి అంచున ఉన్న కోయ కుటుంబాల పరిస్థితి వేరు. ఎస్టీ హోదాకు 1950 ఉత్తర్వుల్లో మతం షరతు లేదు.

ఇది అన్యాయమని దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా పోరాడుతున్నారు. మతం మారినా వెలివాడ మారలేదన్నది వాళ్ల వాదన. 1985లో సూసై కేసులో, మతం మారాక కూడా అదే తీవ్రతతో వివక్ష కొనసాగుతోందని చూపాలని సుప్రీంకోర్టు అంది. ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టొద్దని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసింది. అది అమలు కాలేదు. 2022లో ఇదే విషయంపై కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

చేరేముందు అడగండి

చర్చిలోకి వస్తే కులం పోతుందని ఎవరైనా చెబితే పెళ్లి సంబంధాలు, కమిటీ ఎన్నికలు చూడండి. మాల, మాదిగ తేడా చాలా సంఘాల్లో అక్కడ బయటపడుతుంది. అందుకే ఈ ప్రశ్నలు నేరుగా అడగండి. కమిటీలో రెండు కులాలవాళ్లూ ఉన్నారా? సమాధుల స్థలం అందరికీ ఒకటేనా? జమాఖర్చులు సభ్యుల ముందు చదువుతారా? బాప్తిస్మం వల్ల ప్రభుత్వ కాగితాల్లో వచ్చే మార్పు గురించి బోధలో చెబుతారా?

తొందర పెట్టే చోట ఆగండి. ఆలోచించుకోవడానికి సమయమిచ్చే అయ్యగారు, సర్టిఫికెట్ సంగతి దాచకుండా చెప్పే సంఘం దొరికితే, అక్కడ చేరాలా వద్దా అన్నది మీ విశ్వాసం తేల్చుకోవచ్చు.