ఇంటిల్లిపాదికీ ఒక పడవ



అమీర్‌పేటలో ముగ్గురం కలిసి ఒక గది అద్దెకు తీసుకొని, కుళాయి నీళ్లు వచ్చే వేళకు అలారం పెట్టుకొని లేచేవాణ్ణి నేను. అటువంటివాడు షికారు పడవ ఎట్లా కొనాలో వ్యాసం రాయడమేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. మొదట నాకూ వచ్చింది. కానీ ఆరు నెలలుగా మా ఇంట్లో ఈ పడవ మాట తప్ప వేరే మాట లేదు. ఇందులో మనం తరగతిలో చదువుకొనే భౌతికశాస్త్రమూ ఉన్నది, మా ఇంటివాళ్ల భయమూ ఉన్నది. రెండింటినీ కలిపి చెప్పాలనే ఈ చిన్న ప్రయత్నం.

మాది కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉన్న పల్లె. వ్యవసాయ కుటుంబం. 1980ల ఆరంభంలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మా తాతల నాటి భూమిలో సగం నీళ్ల కిందికి పోయింది. ఎండకాలం నీళ్లు వెనక్కు తగ్గితే తేలే నేలలో ఇప్పటికీ పంట వేస్తాం. అవతలికి పోవాలంటే పుట్టి గానీ పడవ గానీ ఎక్కాలి. 2007 జనవరిలో సింగోటం జాతరకు వస్తున్న జనంతో పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయింది ఈ కృష్ణలోనే.

నాకు ఎనిమిదేళ్లప్పుడు వేరుశనగ బస్తాలు మోతాదుకు మించి వేసిన పుట్టిలో నేనూ కూర్చున్నాను. ఒడ్డు ఇంకా ఇరవై గజాలున్నదనగా ఒక పక్క వంగి నీళ్లు లోపలికి వచ్చినయి. మా పెద్దనాయిన నా అంగీ కాలరు పట్టుకొని ఈదుకుంటూ ఒడ్డుకు చేర్చినాడు. బస్తాలు పోయినయి. ఆనాటి నుంచి ఆయన పుట్టి ఎక్కలేదు. పూట పట్టినా సరే, రోడ్డు మీద చుట్టు తిరిగి పోతాడు.

ఆయన కొడుకే మా అన్న. 2006లో ఇదే అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర, కంప్యూటరు కోర్సు నేర్చుకొని అమెరికా వెళ్లినాడు. ఇప్పుడు జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకు ఉత్తరాన, లేనియర్ సరస్సు దాపున ఉంటాడు. మొన్నటి చలికాలంలో ఒక రాత్రి ఫోను చేసి, "తమ్మీ, బోటు కొంటున్న. పిల్లలు స్కీయింగు, వేక్‌బోర్డు అని ఒకటే గోల. నువ్వు ఫిజిక్సు చదువుతున్నవ్ గద, ఏది మంచిదో చూడు. ఎండకాలానికి అమ్మనూ నాయిననూ పిలిపిస్త, వాళ్లను గూడ ఎక్కిస్త" అన్నాడు. వెంటనే ఫోటో పంపినాడు. నిగనిగలాడే పెద్ద బోటు, నాలుగు వందల గుర్రాల శక్తి గల ఇంజను, పదిహేనేండ్ల వాయిదాల మీద అప్పు.

ఊరికి పోయినప్పుడు ఆ ఫోటో పెద్దనాయినకు చూపించినాను. చాలాసేపు చూసి ఒక్క మాట అడిగినాడు. "అది ఎంతమందిని మోస్తదిరా?"

నాకు జవాబు తెలియలేదు. అక్కడి నుంచి మొదలైంది నా పరిశోధన.

ఆట ఎట్లా పుట్టింది?

నీటి మీద స్కీయింగు చేసిన మొదటివాడు ధనవంతుడేమీ కాదు. 1922లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, పెపిన్ సరస్సు మీద, రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు రెండు చెక్కపలకలు కాళ్లకు కట్టుకొని, తాడు పట్టుకొని, అన్న నడిపే మోటారు పడవ వెనుక నిలబడ్డాడు. పలకల కొసలు పైకి వంగి ఉండాలని గ్రహించి వాటిని నీళ్లలో ఉడికించి వంచినాడు. మన వయసువాడే సుమా!

వేక్‌బోర్డు తరువాత వచ్చింది. 1980లలో సముద్రపు అలల మీద ఆడే పలకను పడవకు తగిలించి లాగడంతో ఆ ఆట రూపు దిద్దుకొన్నది. దీనిలో రెండు పాదాలూ ఒకే వెడల్పాటి పలకకు బిగించి ఉంటాయి. పడవ పోతుంటే వెనుక రెండు వైపులా గట్టులాగా లేచే అలను ఇంగ్లీషులో వేక్ అంటారు. ఆటగాడు ఆ అలనెక్కి గాలిలోకి ఎగురుతాడు.

రెండాటలకు రెండు రకాల నీళ్లు

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. స్కీయింగు చేసేవాడు అలను అటూ ఇటూ దాటుతూ పోవాలి గనుక అల చిన్నదిగా, మెత్తగా ఉండాలి. వేక్‌బోర్డువాడికి అల పెద్దదిగా కావాలి. స్కీయింగు వేగం ఎక్కువ. పోటీలలో పురుషులకు గంటకు 58 కిలోమీటర్ల దాకా లాగుతారు. వేక్‌బోర్డుకు 30, 35 కిలోమీటర్లు చాలు. పిల్లలకు అంతకంటే తక్కువే.

పడవ బరువుగా, నిదానంగా పోతే నీటిని ఎక్కువగా పక్కకు నెడుతుంది, అల పెరుగుతుంది. తేలికగా, వేగంగా పోతే నీటి పైకి లేచి జారుతుంది, అల తగ్గుతుంది. ఆర్కిమెడీసు సూత్రం మనకు తెలిసిందే. నిలిచి ఉన్న పడవ తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుంది. వేగం పెరిగాక అడుగుభాగానికి తగిలే నీటి ఒత్తిడే దాన్ని పైకెత్తుతుంది.

పడవ అడుగు ఆకారం కూడా చూడాలి. చదునుగా ఉంటే అల చిన్నది. కానీ సరస్సులో నీళ్లు అలజడిగా ఉన్నప్పుడు ప్రతి అలకూ దబదబ కొట్టుకొంటుంది. నాగలి కర్రులాగా కోసుగా ఉంటే అలను చీల్చుకొని పోతుంది, కూర్చున్నవారి నడుములకు సుఖం. లేనియర్ సరస్సు నిండుగా ఉన్నప్పుడు 38 వేల ఎకరాలు. 1996 ఒలింపిక్సులో తెడ్ల పడవల పోటీలు జరిగింది అక్కడే. అంత పెద్ద నీటిలో, సెలవు రోజున వందల బోట్లు తిరిగే చోట, చదును అడుగు ముసలివారికి శిక్షే. నల్లరేగడికి ఒక జత ఎడ్లు, చెల్క నేలకు ఇంకొక జత అన్నట్లు, ముందు నీళ్లు చూసి తరువాత పడవను చూడాలి.

ఇంజను ఎక్కడ ఉన్నది?

మా అన్న ఎన్ని గుర్రాల శక్తి అని చూస్తున్నాడు. నేను ఇంజను ఎక్కడ ఉన్నదని చూడమన్నాను. ముఖ్యంగా నాలుగు పద్ధతులున్నాయి.

మొదటిది, ఇంజను పడవ నడుమ ఉండి, ఇరుసు నేరుగా పడవ కిందికి పోయేది. బరువు నడుమ ఉంటుంది, అల చిన్నది, స్కీయింగుకు శ్రేష్ఠం. కానీ ఇంజను పెట్టె మనుషులు కూర్చునే చోటును ఆక్రమిస్తుంది.

రెండవది, ఇంజను వెనుక ఉండి, ఇరుసు వి అక్షరంలాగా మడత తిరిగి మళ్లీ పడవ కిందికే వచ్చేది. బరువు వెనుక పడుతుంది, అల పెద్దది, వేక్‌బోర్డుకు మంచిది. చోటు ఎక్కువ, ధర కూడా ఎక్కువ. అన్న పంపిన ఫోటో ఇదే.

మూడవది, ఇంజను లోపల వెనుక భాగంలో ఉండి, పంకా మాత్రం పడవ వెనక్కి పొడుచుకొని ఉండేది. నాలుగవది, ఇంజనుకు ఇంజనే బయట, పడవ వెనుక బిగించేది. మన కృష్ణ మీది మరపడవలలో కొన్నిటికి ఉండేది ఈ తరహాదే. ఈ రెండూ రెండాటలకూ ఒక మోస్తరుగా పనికివస్తాయి. షికారుకూ, చేపలు పట్టడానికీ పనికివస్తాయి. కానీ తిరిగే పంకా, నీళ్లలోకి దిగే మెట్టుకు దగ్గరగా ఉంటుంది. తాడు లేకుండా పడవకు అతి దగ్గరగా అల మీద ఆడే ఆట వీటి వెనుక ఎన్నడూ ఆడరాదు. ఏ బోటైనా సరే, నీళ్లలో పడినవారిని ఎక్కించుకొనేటప్పుడు ఇంజను పూర్తిగా ఆపాలి. గేరు తీసినంత మాత్రాన చాలదు.

తాడు కట్టే చోటు కూడా లెక్కే. స్కీ బోట్లలో తాడు కట్టే గుంజ పడవ నడుమన ఉంటుంది. ఆటగాడు పక్కకు గుంజినా పడవ ముఖం తిరగదు. బలభ్రామకం తక్కువన్నమాట. వేక్‌బోర్డు బోట్లలో ఎత్తైన కమాను మీద కడతారు, ఎగరడానికి సాయంగా. ఆ కమానుకు గాలి ట్యూబులను కట్టి మనుషులను లాగవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు.

ఎంతమందిని మోస్తది?

ఇక పెద్దనాయిన ప్రశ్న. అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు బోట్లకు ఎందరు ఎక్కవచ్చు, ఎన్ని పౌన్లు మోయవచ్చు అని రాసిన పలక బిగించాలని చట్టం. మా అన్న కుటుంబం నలుగురు, పెద్దనాయిన, పెద్దమ్మ, ఒక స్నేహితుడు. వెరసి ఏడుగురు. తలకు 75 కిలోలు వేసినా 525 కిలోలు, అంటే సుమారు 1,160 పౌన్లు. అల పెద్దది కావడానికి ఆ బోట్లలో తొట్లు నింపుతారు. ఐదు వందల లీటర్ల నీళ్లు నింపితే ఐదు వందల కిలోలు. అంటే ఇంకొక ఏడుగురు ఎక్కినట్లే! మనుషులు కనిపిస్తారు, నీళ్లు కనిపించవు. మా వేరుశనగ బస్తాలు నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చినయి.

బరువెంత అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా ముఖ్యం. గదిలో నీళ్ల టబ్బులో స్టీలు పళ్లెం తేలవేసి బియ్యం పోసి చూసినాను. నడుమ పోస్తే రెండు గ్లాసుల బియ్యం మోసింది. అంచుకు పోస్తే ఒక గ్లాసుకే ఒరిగి మునిగింది. ఆ రాత్రి వంటకు బియ్యం తడిసిందని నా రూమ్మేట్లు తిట్టినారు గానీ, నాకు పాఠం దొరికింది. ముందుభాగం తెరిచి ఉండే బోట్లలో అందరూ ముందుకు పోయి కూర్చొని, డ్రైవరు హఠాత్తుగా వేగం తగ్గిస్తే, ముక్కు దిగి అల లోపలికి వస్తుంది.

మరునాడు పంజాగుట్ట మీదుగా సోమాజిగూడ, ఖైరతాబాదు దాటి హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు నడిచి వెళ్లినాను. నీటి నడుమ బుద్ధ విగ్రహాన్ని మనమందరం చూస్తాం. 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని తీసుకుపోతున్న బల్లకట్టు ఒరిగి, విగ్రహం సాగర్‌లో పడిపోయింది, ప్రాణాలు పోయాయి. మళ్లీ పైకి తీసి నిలబెట్టింది 1992లో. అంత పెద్ద పనికే బరువు తులతూగకపోతే తప్పలేదు, మన బోటు ఎంత?

ఆఖరికి చెప్పినది

నేను అన్నకు రాసి పంపిన జాబితా ఇది. మోసే బరువులో పావు వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. అందరికీ ఒంటికి సరిపడే లైఫ్ జాకెట్లు ఉండాలి, పిల్లలకు పెద్దలవి తొడిగితే పనికిరాదు. డ్రైవరు ముందు చూడాలి, స్కీయరును చూడడానికి ఇంకొకరు ఉండాలి. డ్రైవరు పడిపోతే ఇంజను ఆగే తాడును ఒంటికి తగిలించుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి అక్కడ 26 అడుగుల లోపు బోట్లకు అది చట్టం కూడా. ఇంజను నడుస్తుండగా వెనుక మెట్టు మీద కూర్చోరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, మనిషికి తెలియకుండానే స్పృహ తప్పిస్తుంది. బోటు, దాని బండి, ఇంధనం కలిపి ఎంత బరువో చూసి, మన కారు లాగగలదా అని లెక్క వేయాలి. వేగం రెండింతలైతే దెబ్బలోని శక్తి నాలుగింతలు గనుక పిల్లలకు వేగం నేర్పడానికి తొందరపడవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, కొనేముందు ఒక ఎండకాలం అద్దెకు తీసుకోవాలి. సంతలో ఎడ్లను కొనేముందు అరక కట్టి నాలుగు సాళ్లు తోలి చూడమా? అన్న కూడా ఒకప్పుడు ఈ అమీర్‌పేటలో గోడల నిండా ఉన్న బోర్డులను చూసి, డెమో క్లాసులో కూర్చున్న తరువాతే ఫీజు కట్టినవాడు. ఆ సంగతి గుర్తు చేసినాను.

అతను రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు, "అప్పు కాగితాలు పక్కకు పెట్టిన తమ్మీ. ఈ ఏడు అద్దెకే. ఇంజను వెనుక ఉండే మామూలు ఫ్యామిలీ బోటు" అన్నాడు. పిల్లలకు అల కొంచెం చిన్నదవుతుంది. నేర్చుకొనేవారికి చిన్న అలే నయం.

నా మట్టుకు తేలినది ఒక్కటే. ఇంటికి బోటు కొనేవారు అందరికంటే బాగా ఎగిరేవారిని చూసి కొనరాదు, అందరికంటే ఎక్కువ భయపడేవారిని చూసి కొనాలి. ఆ మనిషి ధైర్యంగా కూర్చోగల పడవలో మిగిలినవారి ఆటకు లోటుండదు.

పెద్దనాయినకు వీసా వచ్చింది. మొన్న ఫోనులో ఆయన లెక్కలన్నీ విని, "ఏడుగురికి పదిమంది మోసేదైతే చూస్త" అన్నాడు. కొంచెం ఆగి, "ఏ పక్క కూసోవాల్రా?" అని అడిగినాడు. నడుమ, కిందికి ఉన్న సీటులో కూర్చొమ్మని చెప్పినాను.

— బి.ఎస్సీ. విద్యార్థి