పాత తీగకు క్రొత్త పని

1876వ సంవత్సరమున అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనునకు పేటెంటు హక్కును బడసెను. అది మొదలు నూఱేండ్లలో లోకమునందలి నగరములను టెలిఫోను తీగలు అల్లుకొనెను. ప్రతి చందాదారుని ఇంటినుండి ఎక్స్‌ఛేంజి వఱకు రెండు సన్నని రాగితీగలు సాగెను. అవి మాటలను మోయుటకే వేయబడినవి. కాని ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో కంప్యూటర్లు ఒండొంటితో సమాచారమును ఇచ్చిపుచ్చుకొనవలసిన కాలము వచ్చెను. ఇంటింటికిని క్రొత్తతీగ వేయవలెనన్నచో వీథులన్నియు త్రవ్వవలెను; వ్యయము అపారము. అందుచే ఇంజనీర్ల దృష్టి పాతతీగపై బడెను.

తొలుత మోడెము అను పరికరముచే కంప్యూటరు సంకేతములను ధ్వనులుగా మార్చి పంపిరి. అందు రెండు చిక్కులు కలవు. కంప్యూటరు తీగను వాడుకొనుచున్నంతసేపు ఫోనులో మాటాడుటకు వీలులేదు. వేగమైనను సెకనునకు 56 వేల బిట్లను మించదు.

ఈ కొఱత తీగది కాదు. మనుష్యుని మాట తెలియుటకు సెకనునకు 300 మొదలు 3400 వఱకు గల కంపనములు చాలును. ఎక్స్‌ఛేంజిలోని యంత్రములు అంతకు మించినవానిని వడగట్టుచుండెను. తీగ మాత్రము పదిలక్షలకు పైబడిన కంపనములను సైతము మోయగలదు. విశాలమైన రాజమార్గముండగా దాని అంచునగల కాలిబాటనే వాడుకొన్నట్లయ్యెను.

మిగిలిన మార్గమును తెఱచిన పద్ధతికి డి.ఎస్.ఎల్. అని పేరు. ఇందు మాట తక్కువ కంపనములపైనను, కంప్యూటరు సమాచారము ఎక్కువ కంపనములపైనను సాగును. ఇంటిలో స్ప్లిట్టరు అను చిన్నపెట్టె ఈ రెంటిని వేఱుచేయును. కావున తల్లి ఫోనులో మాటాడుచుండగనే, అదే తీగపై కుమారుడు కంప్యూటరులో పాఠము చదువుకొనవచ్చును.

అయినను వందలకొలది తీగలు ఒకే కేబులులో ప్రక్కప్రక్కన సాగునప్పుడు ఒకదాని సంకేతము వేఱొకదానిలో దొరలి అలజడి కలిగించును. దీనిని తగ్గించుటకే జంటతీగలను పురిపెట్టుదురు. ఈ ఉపాయమునకు బెల్ 1881లోనే పేటెంటు పొందెను. అధికవేగమునకు పురి యొక్కటే చాలలేదు. 1980 దశకము చివర అమెరికాలోని బెల్‌కోర్ సంస్థయందు జోసెఫ్ లెక్‌లైడర్ ఒక యుక్తి తెలిపెను. ఇంటికి వచ్చు సమాచారమునకు ఎక్కువ వేగమును, ఇంటినుండి పోవుదానికి తక్కువ వేగమును ఇచ్చినచో అలజడి తగ్గును. గృహస్థులు తెప్పించుకొనునది ఎక్కువ, పంపునది తక్కువ. కనుక వారికి లోటు తోచదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ సియోఫీ మార్గమును అనేకములైన చిన్న బాటలుగా విభజించి, అలజడి లేని బాటపై ఎక్కువ సమాచారమును నడపు విధానమును పెంపొందించెను.

భారతదేశమున 2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ ఈ పద్ధతిన బ్రాడ్‌బాండ్ సేవను ఆరంభించెను. కాని దూరము పెరిగినకొలది రాగితీగపై సంకేతము క్షీణించును. ఎక్స్‌ఛేంజి చెంతనున్న ఇంటికి లభించిన వేగము, నాలుగైదు కిలోమీటర్ల ఆవలనున్న ఇంటికి లభింపలేదు. ఈ లోపమును తీర్చుటకే గాజునారల కేబులు పుట్టింటి తీగ స్థానమును క్రమముగా ఆక్రమించుచున్నది.

అయినను, వీథులు త్రవ్వకయే కోట్లకొలది ఇండ్లకు కంప్యూటరు సమాచారమును చేర్చిన ఘనత ఆ పాతతీగదే. ఉన్నదాని శక్తిని పరీక్షింపక పాఱవేయరాదని అది చాటుచున్నది.