నడినీటి నాగార్జునకొండ

పెద్ద నౌకలలో విహారయాత్ర చేయువారు త్రోవలో అనేక దీవులను చూతురు. నౌక ఉదయమున ఒక దీవి రేవులో ఆగును, సాయంకాలమునకు లంగరెత్తును. ఆ నడిమి కొద్ది గంటలలోనే దీవిని చూచి రావలెను. నౌకవారు ఏర్పాటు చేసిన బండ్లలో తిరిగినచో శ్రమ తక్కువయే కాని వ్యయము అధికము. మనసైన చోట నిలుచుటకు వీలుండదు. అందుచేత కొందరు తమంతట తామే రేవు దిగి, ఊరి బస్సులోనో కాలినడకనో తిరిగి వత్తురు. వారికి ఖర్చు స్వల్పము, తృప్తి మెండు. అయితే వారు ఒక మాట మరువరాదు: తమంతట తాము తిరుగువారి కొరకు నౌక ఆగదు.

కోహెడ సముద్రమునకు మిక్కిలి దూరము. అచ్చటి బాలబాలికలు ఎరిగిన పెద్దనీరు శనిగరము జలాశయము. అయినను ఇట్టి దీవి ప్రయాణము వారికి అందరానిది కాదు. సాగరము చేరకయే, నాగార్జునసాగరము చేరినచో చాలును. అచ్చట కృష్ణా జలముల నడుమ నాగార్జునకొండ అను దీవి కలదు. లాంచీలో పోయి, అది నిలుచునంతలో దీవిని చూచి, మరల లాంచీలోనే రావలెను.

ఈ దీవి పూర్వము దీవి కాదు. అది కొండలు చుట్టిన ఒక లోయలోని గుట్ట. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఆ లోయయందు ఇక్ష్వాకు రాజుల రాజధానియగు విజయపురి వెలసియుండెను. వీరపురుషదత్తుని మేనత్తయగు చాంతిసిరి అచ్చట బౌద్ధుల కొరకు మహాచైత్యమును కట్టించెను. సింహళదేశపు భిక్షువులకును అందొక విహారము ఉండెను. వైదిక యజ్ఞములకును, బౌద్ధ విహారములకును ఆ నగరము సమానముగా తావిచ్చెను. తరువాత విజయపురి పాడుపడి, శతాబ్దుల తరబడి మన్నుక్రింద నిద్రించెను.

దానిని మరల వెలుగులోనికి తెచ్చినది మొదట ఒక పాఠశాల ఉపాధ్యాయుని చూపు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అను ఉపాధ్యాయుడు ఆ లోయలో ఒక ప్రాచీన స్తంభమును చూచి, ఆ సంగతి మద్రాసు ప్రభుత్వమునకు తెలిపెను. పశువుల కాపరులును బాటసారులును ఆ రాళ్ల నడుమనే తిరుగుచుండిరి. కాని వాని విలువను ఎవరును గుర్తింపలేదు. పిమ్మట పురావస్తు శాఖవారు వచ్చిరి. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ అను అధికారి త్రవ్వకములు జరిపెను. మహాచైత్యము నుండి చిన్న బంగారు భరిణెలో నిక్షేపించిన ధాతువు లభించెను.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. పొలములకు నీరు వచ్చును. కాని లోయ మునిగిపోవును. అన్నము ముఖ్యమా, చరిత్ర ముఖ్యమా అను ప్రశ్న పుట్టెను. రెంటిని వీలైనంత వరకు కాపాడవలెనని నిశ్చయించిరి. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున లోయయంతయు త్రవ్వి పరిశోధించిరి. ముఖ్యమైన కట్టడములలో తొమ్మిదింటిని గుట్టపైకి తరలించి మరల కట్టిరి. మరికొన్నింటిని గట్టుననున్న అనుపు వద్ద మరల నిర్మించిరి. శిల్పముల కొరకు గుట్టపై 1966లో ప్రదర్శనశాల వెలసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. లోయ జలాశయమయ్యెను; గుట్ట దీవియయ్యెను. ఐగుప్తు దేశమునందును ఇట్లే జరిగినది. నైలునది నీటిలో మునుగుచున్న ఫిలే దేవాలయములను రాయి రాయిగా విడదీసి, అగిల్కియా అను వేరొక దీవిపై మరల నిలిపిరి.

ఇక ప్రయాణపు సంగతి. కోహెడ నుండి బయలుదేరువారు సిద్దిపేట మీదుగా హైదరాబాదు చేరి, అచ్చటి నుండి సాగరు మీదుగా మాచర్ల పోవు బస్సు ఎక్కవచ్చును. హైదరాబాదు నుండి సాగరునకు రమారమి 150 కిలోమీటర్లు. తెలంగాణలో 2023 డిసెంబరున ఏర్పడిన మహాలక్ష్మి పథకముచే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో బాలికలకు రాష్ట్రపు ఎల్లల వరకు ఛార్జీ లేదు. ఒక్క దినములో పోయి వచ్చుట కష్టము గనుక ఒక రాత్రి బస ఏర్పరచుకొనవలెను. భోజనమునకు పులిహోర, జొన్నరొట్టెలు, సకినాలు మూటగట్టుకొన్నచో ఖర్చు సగము తగ్గును. త్రాగునీరు మరువరాదు, ఎండకాలమున కొండరాళ్లు కాలిపోవుచుండును.

కృష్ణ కుడిగట్టుననున్న విజయపురి సౌత్ రేవున టిక్కెట్టు కొని లాంచీ ఎక్కవలెను. ఈ ఒక్క ఖర్చును తప్పించుకొనుటకు వీలులేదు. దీవికి వేరు దారి లేదు. నీటిమట్టమును, గాలివానలను బట్టి లాంచీలు నడచుటయు మానుటయు జరుగును. శుక్రవారము ప్రదర్శనశాలకు సెలవు. కావున ముందుగా విచారించుకొనియే బయలుదేరవలెను.

లాంచీలో నున్నంతసేపు రక్షణకవచమును ధరింపవలెను. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి పెక్కుమంది ప్రాణములు గోల్పోయిరి. ఉక్కగా నున్నదని కవచమును విప్పి ఒడిలో పెట్టుకొనుట తెలివి కాదు. పొదుపు చేయదగినది ధనమును గాని, జాగ్రత్తను కాదు.

దీవిపై కాలు మోపగానే చేయవలసిన మొదటి పని, లాంచీ ఎన్ని గంటలకు తిరిగి బయలుదేరునో సిబ్బందిని అడుగుట. అందులో చివరి పావుగంటను రేవునకు తిరిగి వచ్చుటకు విడిచిపెట్టి, మిగిలిన కాలమునే తమదిగా లెక్కించుకొనవలెను. తరువాత ప్రదర్శనశాలకు పోవుట మంచిది. అందు మునిగిపోయిన లోయయొక్క చిన్న నమూనా కలదు. ఏ కట్టడము ఎచ్చట నుండెనో దానిని చూచి తెలిసికొన్నవారికి, వెలుపలనున్న స్తూపములు వట్టి ఇటుక దిబ్బలుగా తోచవు. అటుపిమ్మట మహాచైత్యమును చూడవలెను. బండిచక్రమునకు ఆకులున్నట్లు దాని పునాదిలో గోడలు కలవు. ఆ గోడల నడుమ మన్ను నింపి, పైన గుమ్మటము కట్టిరి. తక్కువ ఇటుకతో పెద్ద కట్టడమును నిలుపుటకు అదియొక ఉపాయము. చివరకు ఇక్ష్వాకుల నాటి స్నానఘట్టమును చూచి రేవు చేరవచ్చును.

అన్నింటిని చూడవలెనని పరుగెత్తువారు ఏమియు చూడలేరు. మూడింటిని నిలిచి చూచుట మేలు. గుంపుగా పోయిన పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క కట్టడమును గూర్చి వ్రాసికొని, తిరుగుత్రోవలో ఒకరికొకరు చెప్పుకొన్నచో గంటసేపటి చూపు నాలుగు గంటల చూపగును. మార్గదర్శికి ఇచ్చెడి సొమ్మును మిగులును. ఇంకను వేళయున్నచో, గట్టు చేరిన తరువాత అనుపునకు రోడ్డు మార్గమున పోవచ్చును. అచ్చట లాంచీ తొందర లేదు.

తిరిగి వచ్చునప్పుడు లాంచీ అంచున నిలిచి నీటివంక చూడదగును. ఆ నీటి క్రింద వీథులు, విహారములు, యజ్ఞశాలలు కలవు. అంతేకాదు, లోయను విడిచి పోయిన పల్లెవాసుల ఇండ్లును, పొలములును కలవు. రాజుల కట్టడములు కొండ ఎక్కినవి. పల్లెవాసుల ఇండ్లు ఎక్కలేదు. సిద్దిపేట జిల్లాలోనే మల్లన్నసాగరము క్రింద గ్రామములు మునిగిన సంగతి కోహెడ పిల్లలు ఎరుగుదురు. పారిన ప్రతి కాలువ వెనుక ఎవరో విడిచిన వాకిలి ఉండునని ఆ నీరు చూచినవారికి బోధపడును.

ఒక స్తంభమును శ్రద్ధతో చూచిన ఉపాధ్యాయుని వలన ఒక నగరము లోకమునకు తెలిసెను. ఆయన పెద్ద ధనము వెచ్చింపలేదు. చూచినదానిని గూర్చి ఆలోచించెను, తెలుపవలసినవారికి తెలిపెను. దీవికి పోవు విద్యార్థి సంచిలో రొట్టెతోపాటు ఒక పుస్తకము, పెన్సిలు ఉండవలెను.