నిలదీయడం వేరు, నింద వేయడం వేరు

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కలెక్టరేట్ శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలో ఉంది. సోమవారం ప్రజావాణికి జనం అర్జీలు పట్టుకుని అక్కడికే వస్తారు. ఒకాయన కాలనీలో కొత్త రోడ్డు మూణ్నెల్లకే గుంతలు పడిందనుకుందాం. పని నాసిరకంగా జరిగిందని ఆయన అర్జీ ఇచ్చాడు. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో కాంట్రాక్టరు పేరు రాసి, 'వీడు దొంగ, లంచమిచ్చి బిల్లు లేపుకున్నాడు' అని పెట్టాడు. బాధ ఒక్కటే అయినా చట్టం ఈ రెంటినీ ఒకేలా చూడదు.

మాట్లాడే హక్కును రాజ్యాంగంలోని 19(1)(ఎ) ఇచ్చింది. దానికి హద్దు పెట్టదగిన కారణాల్లో పరువు నష్టాన్నీ 19(2) చేర్చింది. పరువు నష్టం నేరమేనని 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2024 జులై 1 నుంచి ఇది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. శిక్ష రెండేళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ. సమాజ సేవ కూడా విధించవచ్చు.

ఆ సెక్షన్‌లోనే పది మినహాయింపులున్నాయి. నిజమై, ప్రజల మేలు కోసం చెప్పిన మాట నేరం కాదు. అధికారం ఉన్నవారికి సద్భావంతో చేసిన ఫిర్యాదూ నేరం కాదు. అర్జీకి ఆ గొడుగు ఉంది. గ్రూపులో అన్న 'దొంగ' మాటకు మాత్రం రుజువు చూపాల్సింది అన్నవాడే.

అలాగని నోరు మూసుకోనక్కర్లేదు. 2025 సెప్టెంబరులో నల్లబాలు అనే వ్యక్తి కేసులో తెలంగాణ హైకోర్టు, ప్రభుత్వాన్ని విమర్శించిన పోస్టులపై పెట్టిన ఎఫ్ఐఆర్‌లను కొట్టేసింది. పరువు నష్టం ఫిర్యాదు వస్తే పోలీసులు నేరుగా కేసు కట్టకూడదని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలని చెప్పింది. కటువైన రాజకీయ విమర్శకూ రక్షణ ఉంది.

ఇక చట్టానికి అందని మాట ఒకటుంది. కాంట్రాక్టరును తిడితే ఆయన వకీలును పెట్టుకుంటాడు. ఉంగరం కనబడలేదని పనిమనిషి ఫొటో పెట్టి 'దొంగ' అంటే ఆమె ఎవరిని పెట్టుకుంటుంది? మర్నాటి నుంచి ఏ ఇంట్లోనూ పని దొరకదు. ఉంగరం పరుపు కింద దొరికినా ఆ ఫొటో ఎన్ని ఫోన్లలో తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే బలవంతుణ్ణి అడిగేటప్పుడు ధైర్యం కావాలి, బలహీనుల గురించి అనేటప్పుడు నిగ్రహం కావాలి. మనం చాలాసార్లు ఈ రెంటినీ తారుమారు చేస్తున్నాం.

గుంత ఫొటో పెట్టండి, తేదీ రాయండి, బిల్లు ఎంతో అడగండి. మనిషి పేరు పక్కన 'దొంగ' అని రాసే ముందు మాత్రం, మీ కళ్లతో ఏం చూశారో ఒక్కసారి గుర్తు చేసుకోండి.